ఫిజియో విద్యార్థి పక్కన ఎవరుండాలి?

మోకీలు మార్పిడి ఆపరేషన్ జరిగిన మర్నాడో, పక్షవాతంతో వార్డులో చేరిన రెండో మూడో రోజో, మంచం దగ్గరికి ఇరవై ఏళ్ళ అమ్మాయో అబ్బాయో తెల్లకోటుతో వస్తారు. "అమ్మా, కాలు కొంచెం పైకి లేపండి, చూద్దాం" అంటారు. ఇంట్లోవాళ్ళు "ఫిజియో డాక్టరొచ్చారు" అని పక్కకు జరిగి చోటిస్తారు. పెద్దాసుపత్రుల్లో అలా వచ్చేవాళ్ళలో చాలామంది ఇంకా చదువుకుంటున్న పిల్లలే. ఫిజియోథెరపీ డిగ్రీ కోర్సు బీపీటీ మూడో ఏడో నాలుగో ఏడో చదువుతూ ఉంటారు, లేదా పరీక్షలన్నీ పూర్తిచేసి ఇంటర్న్‌షిప్‌లో ఉంటారు. ఆసుపత్రికి ఇలా పంపి నేర్పించడాన్ని కాలేజీల్లో క్లినికల్ పోస్టింగ్ అంటారు. దానికి నియమాలున్నాయి. అవేమిటో, ఎందుకున్నాయో, ఎక్కడ గాలికి పోతున్నాయో పిల్లల్ని ఈ కోర్సులో చేర్చాలనుకునే తల్లిదండ్రులకు తెలిసి ఉండాలి. ఎప్పుడో ఒకప్పుడు ఫిజియో అవసరం పడే మనందరికీ తెలిసి ఉండాలి.

మన దేశంలో ఈ చదువు పుట్టిందే ఆసుపత్రిలో. 1953లో ముంబైలోని కేఈఎం ఆసుపత్రిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయూతతో తొలి శిక్షణ కేంద్రం మొదలైంది. పోలియోతో కాళ్ళు చచ్చుబడిన పిల్లలకు సాయం చేసే చేతులు అప్పట్లో మనకు లేవు. ఆ తర్వాత కాలేజీలు ఊరూరా వచ్చాయి గానీ, దేశం మొత్తానికి వర్తించే చట్టబద్ధమైన నియంత్రణ మాత్రం చాలా ఏళ్ళు రాలేదు. 2021లో పార్లమెంటు చేసిన చట్టంతో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ ఏర్పడింది. ఫిజియోథెరపీ దాని పరిధిలోకి వచ్చింది. తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఇన్నాళ్ళూ నడిచిన బీపీటీ నాలుగేళ్ళ చదువు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్. కమిషన్ 2025లో విడుదల చేసిన కొత్త పాఠ్యప్రణాళిక దీన్ని ఐదేళ్ళు చేసింది. అందులో చివరి ఏడాది మొత్తం ఇంటర్న్‌షిప్పే.

ఆసుపత్రిలో గడిపే కాలం పెరగడం మంచి మార్పే. అయితే కాలం పెరిగినంత మాత్రాన చేయి తిరగదు. ఏడాది పాటు ఒక మూల మెషీన్ దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళ నడుముకు కరెంటు పెట్టి, పావుగంట కాగానే తీసేస్తూ ఉంటే ఆ ఏడాదిలో విద్యార్థి నేర్చుకునేది మొదటి వారంలోనే అయిపోతుంది. హాజరు, యూనిఫాం, లాగ్‌బుక్, సెలవులు, మార్కులు అంటూ పోస్టింగ్ నియమాలు పేజీల కొద్దీ ఉంటాయి. నా దృష్టిలో వాటన్నిటికంటే పెద్ద నియమం ఒక్కటే: విద్యార్థి చేయి రోగి ఒంటి మీద పడుతున్నప్పుడు, ఆ చేతిని సరిదిద్దగల మనిషి అక్కడ ఉండాలి. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో అర్థం కావాలంటే ఫిజియో డిపార్ట్‌మెంట్‌లో అన్నిటికన్నా తేలికగా కనిపించే పని చూడండి. వేడి కాపడం. హాట్ ప్యాక్ అంటారు. నీళ్ళ తొట్టిలో 70 డిగ్రీల సెల్సియస్ పైన నానుతున్న బరువైన సంచిని తీసి, ఆరు నుంచి ఎనిమిది పొరల టవల్ చుట్టి, నొప్పి ఉన్నచోట పదిహేను ఇరవై నిమిషాలు ఉంచుతారు. చూడ్డానికి ఇందులో చదువేముంది అనిపిస్తుంది. వచ్చిన రోగికి పదేళ్ళుగా షుగర్ ఉందనుకోండి. పాదాల్లో, కాళ్ళలో స్పర్శ తగ్గిపోయి ఉండొచ్చు. వేడి ఎక్కువైందని చెప్పాల్సిన నరాలే చెప్పవు. "బాగుందమ్మా, హాయిగా ఉంది" అంటూనే ఉంటాడు, కింద చర్మం కాలి బొబ్బ లేస్తుంది. అందుకే కాపడం పెట్టేముందు ఒక గాజు గొట్టంలో వేడినీళ్ళు, ఇంకోదాంట్లో చల్లనీళ్ళు పోసి, రోగిని కళ్ళు మూసుకోమని, ఒకదాని తర్వాత ఒకటి చర్మానికి ఆనించి ఏది వేడి, ఏది చల్లన అని అడగాలి. తప్పు చెబితే కాపడం పెట్టకూడదు. సరిగ్గా చెప్పాక పెట్టినా అయిదు నిమిషాలకు ఒకసారి టవల్ ఎత్తి చర్మం రంగు చూడాలి. పుస్తకంలో ఇది రెండు వాక్యాలు. ఓపీలో పదిహేనుమంది వరుసలో ఉన్నప్పుడు, "తొందరగా కానివ్వండి" అని అందరూ అంటున్నప్పుడు, ఆ గాజు గొట్టాలు తియ్యడం అలవాటు కావాలంటే పక్కన ఉన్న మేడమ్ మొదటి నెల ప్రతిసారీ "సెన్సేషన్ చూశావా?" అని అడుగుతూ ఉండాలి. అలా అడిగే మనిషి ఉన్నచోట విద్యార్థికి అది జీవితాంతం మిగులుతుంది. లేనిచోట చూడకుండానే "చూశాం" అని రాయడం అలవాటవుతుంది.

పక్షవాతం వార్డు దగ్గర ఇంకో సంగతి చెప్పాలి. ఇది ఇళ్ళలో వాళ్ళూ గుర్తుపెట్టుకోదగ్గది. పడిపోయిన వైపు భుజం చుట్టూ ఉన్న కండరాలు పట్టు కోల్పోతాయి. చేతి బరువుకే కీలు కిందికి జారుతూ ఉంటుంది. అలాంటి రోగిని లేపి కూర్చోబెట్టాలంటే మన వాళ్ళు చేసే మొదటి పని ఆ చేతిని పట్టుకుని లాగడం. ప్రేమతోనే లాగుతారు. భుజం మాత్రం దెబ్బతింటుంది. ఆ నొప్పి నెలల తరబడి పీడిస్తుంది, చెయ్యి బాగుపడే దారికి అదే అడ్డం పడుతుంది. లేపే పద్ధతి వేరు. ముందు పక్కకు ఒత్తిగిలించాలి, కాళ్ళు మంచం అంచు నుంచి కిందికి దించాలి, భుజం వెనక రెక్క ఎముక దగ్గర ఒక చెయ్యి, నడుము దగ్గర ఒక చెయ్యి వేసి, రోగి తన మంచి చేత్తో ఆనుకుంటూ ఉండగా పైకి తేవాలి. రెండో ఏడు చదివే విద్యార్థికి ఈ పాఠం నోటికొస్తుంది. కానీ డెబ్బై కిలోల పెద్దాయన ఒక్కసారిగా పక్కకు ఒరిగిపోతున్నప్పుడు నోటికొచ్చింది చేతికి రాదు. కంగారులో విద్యార్థి కూడా ఆ చేతినే పట్టుకుంటాడు. అక్కడ రెండో జత చేతులు కావాలి. అవి చదువు చెప్పే సార్‌వి కావాలి, ఇంకో తోటి విద్యార్థివి సరిపోవు.

ఇక నియమాల పుస్తకంలోకి వద్దాం. వార్డులో అడుగుపెట్టకముందే పూర్తికావాల్సినవి కొన్ని. హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు: మొదటిది వేసుకున్నాక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. అంటే పోస్టింగ్ మొదలవడానికి ఆరు నెలల ముందే కాలేజీ మేలుకోవాలి. చేతులు కడుక్కునే పద్ధతి, గుండె ఆగితే చేయాల్సిన ప్రథమ చికిత్స, ఏ వ్యర్థం ఏ రంగు డబ్బాలో వేయాలన్నది ముందే నేర్పాలి. గోళ్ళు పొట్టిగా ఉండాలి, ఉంగరాలు గాజులు తీసేయాలి, జుట్టు ముడిచి ఉండాలి. పిల్లలకు ఇవి చాదస్తంగా తోస్తాయి గానీ, ఆపరేషన్ కుట్ల దగ్గర చెయ్యి వేసేవాళ్ళ గోటికింద ఏముందన్నది రోగికి చిన్న విషయం కాదు. జ్వరమో జలుబో ఉంటే రాకూడదు. ఈ ఒక్క నియమాన్ని కాలేజీలే చెడగొడుతున్నాయి. హాజరు శాతం తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వమని బెదిరించి, ఆ పైన ఒంట్లో బాగాలేకపోతే రావద్దంటే పిల్లలు ఏం చేస్తారు? మాత్ర వేసుకుని ఐసీయూకి వస్తారు. జబ్బు చేసిన రోజుకు బదులు ఇంకో రోజు పనిచేసే వీలు రాతపూర్వకంగా ఉంటేనే ఆ నియమానికి విలువ.

రోగి అనుమతి సంగతి మరీ ముఖ్యం. విద్యార్థి తన పేరు చెప్పాలి, తాను చదువుకుంటున్నానని చెప్పాలి, ఏం చేయబోతున్నాడో చెప్పి "చూడొచ్చా?" అని అడగాలి. రోగి వద్దంటే వద్దు. దానివల్ల అతని వైద్యం ఏమాత్రం తగ్గకూడదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో గోప్యత, గౌరవం హక్కులుగానే ఉన్నాయి. మగ వైద్యుడు పరీక్షించేటప్పుడు మహిళా రోగి పక్కన మరో మహిళ ఉండాలన్నదీ అందులో ఉంది. ఫిజియోలో ఇది రోజూ ఎదురయ్యే విషయం. నడుము, తుంటి, మెడ, ఛాతీ అన్నీ చేత్తో తాకి చూడాల్సినవే. కావలసినంత మేరే బట్ట తొలగించి మిగతాది దుప్పటితో కప్పడం, కర్టెన్ వేయడం అనేవి మర్యాద కోసం చేసే పనులు మాత్రమే కావు, పరీక్షలో భాగం. రోగి నడక వీడియోను సొంత ఫోన్లో తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టడం ఈ మధ్య మామూలైపోయింది. "మొహం కనపడట్లేదు కదా" అంటారు. మొహం కనపడకపోయినా ఆ మనిషి ఆ మనిషే. రాతపూర్వక అనుమతి లేకుండా అది జరగడానికి వీల్లేదు.

మన ఆసుపత్రుల్లో, ముఖ్యంగా ప్రభుత్వాసుపత్రుల్లో, పేదవాళ్ళు ఎవరు ఏం చేసినా నోరెత్తరు. "సరే బాబూ" అంటారు. ఆ సరేని అనుమతిగా లెక్కేసుకుని నలుగురు విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు అదే నొప్పి మోకాలిని వంచి కొలవడం సరికాదు. చదువుకోసం ఒళ్ళు అప్పగిస్తున్న రోగి ఆ కాలేజీకి అప్పు పెట్టినట్టే.

ఎప్పుడు ఆపాలో తెలియడం, చేయడం తెలిసినంత అవసరం. పిక్క వాచి, వేడిగా ఉండి, నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అక్కడ మర్దన చేయకూడదు, వెంటనే పైవాళ్ళకు చెప్పాలి. పేస్‌మేకర్ ఉన్న రోగిని షార్ట్‌వేవ్ మెషీన్ దగ్గరికి తీసుకుపోకూడదు. ఐసీయూలో రోగిని కూర్చోబెట్టేముందు ఆక్సిజన్, బీపీ చూడాలి, ఒంటికున్న గొట్టాలన్నీ ఎటు పోతున్నాయో చూడాలి, యూరిన్ బ్యాగ్ మూత్రాశయం కంటే కిందే ఉండేలా చూసుకోవాలి. అనుమానం వస్తే విద్యార్థికి "నాకు తెలియదు, అడిగొస్తాను" అనే ధైర్యం ఉండాలి. అలా అన్నందుకు అందరి ముందూ కేకలేసే సీనియర్ ఉన్నచోట ఆ ధైర్యం రాదు. రోగికి అన్నిటికన్నా ప్రమాదకరమైనది తెలియకపోయినా తెలిసినట్టు చేసే విద్యార్థి. అలాంటి విద్యార్థి తిట్లు తిని తయారవుతాడు.

పర్యవేక్షణను బయటి దేశాలు ఎంత ఖచ్చితంగా రాసిపెట్టుకున్నాయో చూస్తే మనం ఎక్కడున్నామో తెలుస్తుంది. బ్రిటన్‌లో ఫిజియోథెరపీ విద్యార్థి చదువు పూర్తయ్యేలోపు వెయ్యి గంటలు ఆసుపత్రుల్లో, క్లినిక్‌లలో, ఇళ్ళ దగ్గర నేర్చుకోవాలని అక్కడి వృత్తి సంఘం కోరుతుంది. అమెరికాలో ఫిజియోథెరపిస్టులయ్యేవాళ్ళు చదివే డీపీటీ కోర్సుల్లో కనీసం ముప్ఫై వారాల పూర్తికాలపు క్లినికల్ శిక్షణ ఉండాలి. నేర్పే థెరపిస్టుకు లైసెన్సు వచ్చాక కనీసం ఏడాది పూర్తికాలపు అనుభవం ఉండాలి. అక్కడి వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ ఇంకో అడుగు ముందుకేసింది. పార్ట్ బీ కింద ఇచ్చే ఔట్‌పేషెంట్ చికిత్సలో విద్యార్థి పాలుపంచుకుంటే, లైసెన్సున్న థెరపిస్టు మొత్తం సేపు అదే గదిలో ఉండి, మరో రోగిని చూడకుండా, విద్యార్థిని నడిపిస్తేనే ఆ బిల్లు చెల్లుతుంది. అంటే పర్యవేక్షణను డబ్బుతో ముడిపెట్టారు. నియమం పాటించకపోతే ఆసుపత్రికే నష్టం.

మన దగ్గర దానికి తలకిందులుగా ఉంది. సొంత ఆసుపత్రి లేని కాలేజీలు బయటి ఆసుపత్రులతో ఒప్పందం చేసుకుని విద్యార్థుల్ని పంపుతాయి. కొన్ని ఆసుపత్రులు దానికి తలకింత అని వసూలు చేస్తాయి కూడా. కాలేజీకి ఒప్పంద పత్రం దొరుకుతుంది, ఆసుపత్రికి డబ్బూ, జీతం లేని చేతులూ దొరుకుతాయి. నేర్పే బాధ్యత ఎవరిదన్నది ఆ పత్రంలో స్పష్టంగా ఉండదు. ఆసుపత్రిలో ఉన్న ఒకరిద్దరు థెరపిస్టులకు తమ రోగులతోనే ఊపిరి సలపదు, ఆపైన ఇరవైమంది విద్యార్థులు. వాళ్ళను నిందించి లాభం లేదు. ఇంటర్న్‌లే ఓపీ నడిపేస్తారు. చాలామందికి స్టైపెండ్ ఉండదు, ఉన్నా పేరుకే. దీన్ని శిక్షణ అంటే మనల్ని మనం మోసం చేసుకోవడమే. కొత్త ఐదేళ్ళ కోర్సులో ఇంటర్న్‌షిప్ ఏడాదికి పెరిగింది. నేర్పేవాళ్ళ సంఖ్యను కట్టుదిట్టం చేయకపోతే పెరిగేది ఉచిత చాకిరీ ఒక్కటే.

ఈ నిర్లక్ష్యం మొదట బయటపడేది లాగ్‌బుక్‌లో. ఏ రోజు ఏ రోగిని చూశారు, ఏం పరీక్షించారు, ఏం చేశారు, ఏం మారింది అని విద్యార్థి రాయాలి, నేర్పినవాళ్ళు చదివి సంతకం పెట్టాలి. చాలాచోట్ల పోస్టింగ్ చివరివారంలో హాస్టల్ గదిలో కూర్చుని ఒకరిది చూసి ఒకరు నింపుతారు, మొక్కుబడిగా అన్ని పేజీల మీదా ఒకేసారి సంతకాలు పడిపోతాయి. రోగి షీటులో రాసేదీ అంతే. "పేషెంట్ బాగున్నారు, ఎక్సర్‌సైజులు చేయించాం" అని రాస్తే మర్నాడు వచ్చేవాళ్ళకు ఏం తెలుస్తుంది? "నిన్న వాకర్‌తో పది అడుగులు వేసి ఆయాసపడ్డారు, ఈరోజు ఇరవై అడుగులు వేశారు, మోకాలు 60 డిగ్రీల దగ్గర నుంచి 75 వరకు వంగింది, నొప్పి పదికి నాలుగు" అని రాస్తే దాని మీద ఆధారపడి ఇంకో థెరపిస్టు పని కొనసాగించగలడు. ఇలా రాయడం రావాలంటే కొలిచే పరికరం చేతపట్టి నిజంగా కొలవాలి. విదేశాల్లో పనిచేయాలనుకునే మన పిల్లలకు ఇది మరీ అవసరం. అక్కడ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేసినప్పుడు క్లినికల్ శిక్షణ వివరాలు కాలేజీ ధ్రువీకరించి ఇవ్వాల్సి వస్తుంది. ఏళ్ళ తర్వాత కాలేజీ చుట్టూ తిరిగి ఆ కాగితాలు పుట్టించుకోవడం ఎంత తలనొప్పో ఆ దారిన వెళ్ళినవాళ్ళకు తెలుసు.

విద్యార్థికీ రక్షణ కావాలి. పని చేసేచోట లైంగిక వేధింపుల నుంచి రక్షణ కోసం 2013లో వచ్చిన చట్టం శిక్షణలో ఉన్న మహిళలకూ వర్తిస్తుంది. వేధించేది సిబ్బంది కావచ్చు, రోగి కావచ్చు, రోగి వెంట వచ్చినవాళ్ళు కావచ్చు. ఎవరికి చెప్పాలో మొదటిరోజే పేరు, ఫోన్ నంబరు సహా చెప్పాలి. సూది గుచ్చుకుంటే ఎక్కడికి వెళ్ళాలి, ఖర్చు ఎవరు భరించాలి అన్నదీ ముందే తెలియాలి. హెచ్ఐవీ నివారణ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు, 72 గంటలు దాటితే ఇవ్వరు. ఫెయిల్ చేయదలిస్తే పోస్టింగ్ మధ్యలోనే లోపం ఏమిటో రాసి చూపించి, సరిదిద్దుకునే సమయం ఇవ్వాలి. చివరిరోజు మార్కుల షీటు చూసి తెలుసుకోవడం అన్యాయం.

ఒక కోరిక కూడా ఉంది. పోస్టింగులన్నీ పట్టణాల పెద్దాసుపత్రుల్లోనే ముగిసిపోకూడదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్ని తల్లులు చంకనేసుకుని ఫిజియో వచ్చే రోజు చూసుకుని అక్కడికి వస్తారు. మెషీన్లేవీ లేని ఆ గదిలో, ఒక చాపా బంతీ పెట్టుకుని, బిడ్డ మెడ నిలపడం ఎలాగో తల్లికి నేర్పడంలో ఉన్న విద్య పెద్ద ఐసీయూలో దొరకదు. సరైన థెరపిస్టు వెంట కొన్ని వారాలైనా ప్రతి విద్యార్థీ అక్కడ గడపాలి.

కోర్సులో చేర్చే ముందు తల్లిదండ్రులు భవనాలు, ఏసీ గదులు, ప్లేస్‌మెంట్ పోస్టర్లు చూసి రాకండి. మూడు విషయాలు అడగండి. పోస్టింగ్ ఏయే ఆసుపత్రుల్లో, ఏ విభాగాల్లో, ఎన్ని వారాలు? ఒక థెరపిస్టు కింద ఒకేసారి ఎంతమంది విద్యార్థులుంటారు? ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ ఎంత, అది ఏ తేదీన చేతికొస్తుంది? ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో ఉన్న పిల్లలతో కాలేజీ బయట పది నిమిషాలు మాట్లాడండి. ఈ మూడింటికీ కాగితం మీద జవాబివ్వలేని కాలేజీకి ఫీజు కట్టకండి.